గొర్రెపిల్లలూ ఉండనీండి, చదువూ సాగనీండి

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. అర ఎకరా నేల, బోరులో నీళ్లు అంతంతమాత్రం. నేను తిరుపతిలో ఒక కల్యాణ మండపం వంటశాలలో పని చేస్తాను. మా అబ్బాయి పది పాసయ్యాడు. ఇంటర్‌లో చేర్పిస్తానంటే, దాచుకున్న డబ్బుతో నాలుగు గొర్రెపిల్లలు తెచ్చి ‘ఇవే పెంచుకుంటా, ఇంక చదవను’ అంటున్నాడు. మా అన్నదమ్ములు నవ్వుతున్నారు. మండపంలో మిగిలిన అన్నం తెచ్చి నేనే వాటికి పెడుతున్నాను. అమ్మేయమని చెప్పమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ గొర్రెపిల్లల్ని అమ్మించకండి. పదహారేళ్ల అబ్బాయి సొంత డబ్బుతో నాలుగు ప్రాణాలు తెచ్చి సాకుతుంటే అందులో నవ్వడానికేముంది? అయితే ‘చదవను’ అన్న మాటకు మాత్రం ఒప్పుకోకండి.

అన్నిటికన్నా ముందు ఆ అన్నం సంగతి. దయచేసి ఈ రోజు నుంచే ఆపేయండి. అన్నం గొర్రె పొట్టలో పులిసిపోతుంది. కొంచెం ఎక్కువ తిన్నా కడుపుబ్బి, మేత మానేసి, ఒక్క రోజులోనే ప్రాణం మీదికి వస్తుంది. గొర్రెల్ని ఉన్నట్టుండి చంపే చిటుక రోగం కూడా తిండి ఒక్కసారిగా మారినప్పుడే దాడి చేస్తుంది, తొలకరికి లేతగడ్డి మేసినప్పుడు మరీను. బక్కచిక్కిన పిల్ల కాదు, మందలో బాగా బలిసిన పిల్లే తెల్లారేసరికి చచ్చిపడి ఉంటుంది. వానలకు ముందే దానికి టీకా వేయించాలి. మీరు ప్రేమతోనే పెడుతున్నారని నాకు తెలుసు. ఆ ప్రేమే వాటికి శెనక్కాయ కట్టె, అవిశాకు, గట్టు మీది గడ్డి రూపంలో అందనీండి.

ఇక లెక్క. మూడు నెలల పిల్ల పది, పన్నెండు కిలోలు ఉంటుంది. మన నెల్లూరు జాతి పిల్లకు మేత, దాణా సరిగ్గా అందితే రోజుకు సుమారు 100 గ్రాములు పెరుగుతుంది. నాలుగు నెలల్లో పెరిగేది 12 కిలోలు, నాలుగు పిల్లల మీద 48 కిలోలు. మీ ఊళ్లో బతికున్న గొర్రె కిలో ఎంత పలుకుతోందో మీవాణ్ణే కనుక్కుని, దాణా, మందుల ఖర్చు తీసేసి ఎంత మిగులుతుందో రాయమనండి. ఒక పిల్ల పోతే ఎంతో కూడా రాయమనండి. గంగ జాతరకో, బక్రీదుకో అమ్మితే నాలుగు డబ్బులు ఎక్కువ రావచ్చు. అయినా అది ఇల్లు గడిచే ఆదాయం కాదు. మీ బోరుతో పది పిల్లల దగ్గరే ఆగడం మంచిది.

‘సబ్సిడీ ఇప్పిస్తాం, మంద పెట్టు’ అని ఎవరైనా అంటే తొందరపడి అప్పు చేయకండి. ఆ సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం జాతీయ పశుసంపద మిషన్ నిబంధనల్లో కనీస యూనిట్టే 100 ఆడగొర్రెలు, 5 పొట్టేళ్లు. అర ఎకరాకు అది పొసగదు.

మరి చదువు? మీవాడికి సరిపోయేది పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా. పదో తరగతి తర్వాత రెండేళ్లు. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నడుపుతుంది. చిత్తూరు జిల్లా పలమనేరులోనూ ఆ పాలిటెక్నిక్ ఉంది. గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులకు ఇలాంటి చదువే అడుగుతారు. మార్కులు బాగుండి పశువైద్యుడే కావాలనుకుంటే ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. ఆ తర్వాత ఐదున్నరేళ్ల డిగ్రీ. దానికి ఓపిక కావాలి, ఇప్పుడే బలవంతం చేయకండి.

‘గొర్రెలు మానేసి చదువు’ అంటే వాడు వినడు. ‘గొర్రెల గురించే చదువుకో నాయనా’ అని చెప్పి చూడండి. ఒక పని కూడా చేయించండి. గొర్రెపిల్ల కంటి కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి లోపలి రంగు చూడమనండి. ఎర్రగా ఉంటే ఫర్వాలేదు. తెల్లగా పాలిపోయి ఉంటే పొట్టలో నట్టలు రక్తం తాగుతున్నాయని అనుమానించాలి. పశువైద్యశాలకు తీసుకెళ్లి ఎంత మందు తాగించాలో అడగాలి. అక్కడ డాక్టరుగారి పక్కన నిలబడి చూస్తే, ఆ పని వెనక ఎంత చదువుందో వాడికే అర్థమవుతుంది.

పాలిటెక్నిక్ ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చేలోపు టీసీ, మార్కుల జాబితా, స్టడీ, కుల ధ్రువపత్రాలు తీసి పెట్టుకోండి. వాడు హాస్టల్లో ఉండాల్సి వస్తే గొర్రెపిల్లల్ని ఎవరు చూస్తారన్న టెన్షన్ మీకు వస్తుంది. నాలుగు నెలలకు అమ్మేసేవే కాబట్టి, ఈ దఫా పూర్తయ్యాక సెలవుల్లోనే కొత్తవి తెచ్చుకోమనండి. ఆ లెక్కల నోటుపుస్తకం మాత్రం వాడితో పాటు వెళ్లాలి.