బాగా నడిచే ఓవర్‌క్లాక్ ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోద్ది?

ప్రశ్న ఇదీ: ఇంటెల్ ఐ7-8700కే ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేశాను (అంటే కంపెనీ ఇచ్చిన స్పీడు కంటే పెంచి పెట్టాను), ఇన్నాళ్లూ 4.9 గిగాహెర్ట్జ్‌లో శుభ్రంగా నడిచింది, నేనేమీ మార్చలేదు, ఈమధ్య గేమ్ మధ్యలో రీస్టార్ట్ అయిపోతోంది, డిఫాల్ట్‌లో పెడితే బానే ఉంది, ప్రాసెసర్ అరిగిపోయిందా, వోల్టేజ్ పెంచాలా అని.

పెంచకండి బాబూ. ముందు ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చేలా మార్చి ఇచ్చే డబ్బా) సంగతి చూడండి. నన్నడిగితే మన వైపు ఇలాంటి కేసుల్లో అసలు దొంగ చాలాసార్లు అదే, మాట పడేది మాత్రం ప్రాసెసర్.

మా బావ శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తాడు. అతని సిస్టమ్‌లో ఐ5-2500కే, 2011 నాటి చిప్పు, కంపెనీ ఇచ్చింది 3.3, నేను 4.4లో పెట్టి ఇచ్చాను, ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా పనిచేసింది. ఓ మాఘమాసం, ముహూర్తాలు మీద ముహూర్తాలు ఉన్న టైములో ఫోన్ చేశాడు. "ఒరే బావా, దీనికేటయిపోనాదో తెలీదురా, ఎక్స్‌పోర్ట్ కొట్టీసి టీకెల్లి వచ్చీసరికి మల్లీ లాగిన్ కాడుంటంది, పెల్లోరు పెన్ డ్రైవ్ అట్టుకొచ్చి కూకున్నారు." పగలు ఎలగుంటంది అనడిగితే పగలు బానే ఉంటందట, దీపాలెట్టే వేళయితేనే గొడవ. నాకు అక్కడే సగం అర్థమయిపోయింది, ఎందుకంటే సిలికాన్ చిప్పుకి పొద్దు తెలీదు కదా, కరెంటుకే తెలుస్తుంది.

నేను వెళ్లేసరికి ఇద్దరు డాక్టర్లు చూసేశారు. ఒకాయన మదర్‌బోర్డ్ పోయింది కొత్తది తెచ్చుకోమన్నాడట (మన ఊళ్లల్లో ఏ షాపుకెళ్లినా ఈ మాటే, ర్యామ్ తీసి తుడిచి పెట్టడానికి కూడా ఓపికుండదు). ఇంకొకడు వీడియోలు చూసి వచ్చిన కుర్రాడు, వీకోర్‌ని (ప్రాసెసర్‌కి అందే వోల్టేజ్‌ని) 1.30 నుంచి 1.40కి ఎక్కించి వెళ్లాడు, దాంతో ఇంకా తొందరగా పడిపోవడం మొదలెట్టింది. పడిపోదా మరి, ప్రాసెసర్ తినే పవర్ వోల్టేజ్ వర్గంతో పెరుగుద్ది, అదే స్పీడులో 1.30ని 1.40 చేస్తే దాదాపు 16 శాతం ఎక్కువ లాగుద్ది, ఇవ్వలేక చస్తున్న ఎస్ఎంపీఎస్‌ మీద ఇంకో బస్తా ఎత్తినట్టే.

కేబినెట్ పక్క రేకు తీసి, ఖాళీగా వేలాడుతున్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో మల్టీమీటర్ నల్ల ప్రోబు నల్ల వైరులో, ఎర్ర ప్రోబు పసుపు వైరులో పెట్టాను (డీసీ రేంజ్‌లో పెట్టాలి, రెండు ప్రోబులూ ఒకదానికొకటి తగలకూడదు). బయోస్‌లో (విండోస్ రాకముందు వచ్చే సెట్టింగ్స్ తెరలో) ఉండగా 12 వోల్టులు నిండుగా ఉంది. డెస్క్‌టాప్‌లో 11.9. బావని ఎక్స్‌పోర్ట్ (మిక్స్ చేసిన వీడియోని ఫైలుగా తీయడం, ప్రాసెసర్‌కి బరువు పని) కొట్టమన్నాను. 11.7, 11.5, పక్క జ్యూస్ షాపులో స్టెబిలైజర్ టకటకమంది, 11.2, స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్‌లకి ఉన్న ప్రమాణం) లెక్క ప్రకారం 12 వోల్టుల లైను 5 శాతం కంటే పడకూడదు, అంటే 11.4 కింద చూపించిందంటే అది పనికిరాదు. గోడ సాకెట్‌లో చూస్తే ఆ టైముకి 190 వోల్టులు కూడా లేదు, రోడ్డు మీద షాపులన్నీ లైట్లేసే వేళ మరి. ఆ ఎస్ఎంపీఎస్ మీద పెద్దక్షరాలతో 450 వాట్స్ అని ఉంటంది, పక్కన చిన్న పట్టీలో 12 వోల్టులకి 16 ఆంపియర్లు అని ఉంటంది, 12 ఇంటూ 16, 192 వాట్లు. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కావలసింది ఆ 192లోంచే, మిగతా అంకె అంతా స్టిక్కర్ సోకు. నలభై వేల గ్రాఫిక్స్ కార్డు కొని కేబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్ఎంపీఎస్ తగిలించి లోపల రంగురంగుల లైట్లు పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుద్ది.

యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటుని సర్ది తీసుకునే సర్క్యూట్) ఉన్నది, 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే ఎస్ఎంపీఎస్ తెప్పించి పెట్టాం, వీకోర్ మళ్లీ 1.30కి దించాం, అదే బోర్డు మీద అదే 4.4 నడిచింది. పాతదాన్ని విప్పి చూద్దామన్నాడు బావ, వద్దన్నాను, వైరు పీకేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవుంటది.

ప్రాసెసర్ అసలు అరగదని అనను. 2024లో ఇంటెల్ వాళ్లే 13, 14 తరం డెస్క్‌టాప్ చిప్పులు ఎక్కువ వోల్టేజ్ అడిగి పాడవుతున్నాయని ఒప్పుకుని ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రాముకి సవరణ) ఇచ్చారు. కానీ మీది 8700కే, ఆ గొడవలో లేదు. బయోస్ అప్‌డేట్ ఏమైనా పడిందేమో చూసుకోండి, పడితే పాత సెట్టింగ్స్ పోతాయి. తేదీ వెనక్కి పోతుంటే బోర్డు మీద ఆ సెట్టింగ్స్‌ని పట్టి ఉంచే సీఆర్2032 బ్యాటరీ మార్చండి. గేమ్‌కి అప్‌డేట్ వచ్చి ఏవీఎక్స్ (ప్రాసెసర్ చేత బరువైన లెక్కలు చేయించే ఆదేశాలు) ఎక్కువ వాడుతుంటే 4.9 నిలబడకపోవచ్చు, ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ (ఆ లెక్కలు వచ్చినప్పుడు స్పీడు కొన్ని మెట్లు తగ్గించే సెట్టింగ్) 2 పెట్టి చూడండి. కారణం వేడి అయితే ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర ముందు స్పీడు తగ్గిస్తుంది, ఇలా టక్కున రీస్టార్ట్ అవ్వడం తక్కువ.

మీరు ఎక్కడుంటారో రాయలేదు. ఉద్దానం వైపైతే ఒక మాట, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేక జనరేటర్ల మీద సిస్టమ్‌లు నడిపినవాళ్లు నాకు తెలుసు, ఆ వోల్టేజ్‌కి లెక్కా పత్రం ఉండదు, ఆ కాలం నాటి ఎస్ఎంపీఎస్ ఇంకా వాడుతుంటే మీటరు కూడా అక్కర్లేదు, మార్చేయండి.

ఇంకోటి, ఎర్తింగు. మా విజయనగరంలో పాత ఇళ్లల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటది కానీ మూడో కన్నంలోకి ఏ వైరూ వెళ్లదు. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటది, టెస్టర్ పెడితే సన్నగా వెలుగుద్ది, అందరూ చెప్పులేసుకుని వాడేస్తుంటారు. అలా ఉన్న ఇంట్లో ఏ గిగాహెర్ట్జ్ గురించీ నాతో మాట్లాడొద్దు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించుకోండి, తర్వాత లోడ్‌లో 12 వోల్టుల లైను ఎంత చూపిస్తుందో చెప్పండి, అప్పుడు 4.9 సంగతి చూద్దాం.