ముక్క చూసి జబ్బు చెప్పే డాక్టర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి పాథాలజీ మీద ప్రశ్నలు బాగా వచ్చాయి, నేను చేసే పని కూడా అదే కాబట్టి మిగతావి వచ్చే సంచికకి ఉంచి ఇవే తీసుకున్నా.

మా అమ్మాయికి ఎండీ పాథాలజీలో సీటు వచ్చిందండీ. చుట్టాలంతా "అదేం డాక్టరు, ల్యాబ్‌లో కూర్చోడమేగా, పేషెంట్‌ని చూసేది లేదుగా" అంటున్నారు. పిల్ల దిగాలుగా ఉంటోంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, ఏలూరు

అమ్మా, ముందు మీ అమ్మాయికి నా తరఫున కంగ్రాట్స్ చెప్పండి. చుట్టాలకి మాత్రం ఇటలీలో పాదువా అనే ఊళ్ళో పాఠాలు చెప్పిన ఒక పెద్దాయన సంగతి చెప్పండి, పేరు మోర్గాన్యి. ఆయన కాలం దాకా యూరప్‌లో డాక్టర్లు చాలామంది ఏమనుకునేవాళ్ళంటే, ఒంట్లో నాలుగు రసాలు ఉంటాయి, రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం, వాటి పాళ్ళు తప్పితే జబ్బు, అంతే. అందుకే ఏ జబ్బొచ్చినా రక్తం తీసెయ్యడం, విరేచనాలకి ఇవ్వడం. జబ్బు ఎక్కడుంది అనే ప్రశ్నకి వాళ్ళ దగ్గర సరైన జవాబు లేదు.

మోర్గాన్యి చేసిందల్లా ఓపిగ్గా రాసుకోవడం. మనిషి బతికున్నప్పుడు ఏం బాధ చెప్పాడు, ఎన్నాళ్ళు పడ్డాడు, పోయాక కోసి చూస్తే లోపల ఏ అవయవం ఎలా పాడైంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి దశాబ్దాల పాటు రాసుకున్నాడు. అలా దాదాపు 700 కేసులు ఉత్తరాల రూపంలో పుస్తకంగా వేసింది 1761లో, అప్పటికి ఆయన వయసు 79. బాధకి ఒంట్లో ఒక చోటు ఉంటుంది, ఆ చోటు పట్టుకోవాలి అనే ఆలోచన అక్కడ గట్టిగా నిలబడింది. ఇవాళ మనం ఎక్స్‌రే తీసినా, స్కాన్ తీసినా, ఆపరేషన్ చేసినా ఆ ఆలోచన మీదే కదా నడుస్తున్నాం.

ఇక పేషెంట్‌ని చూడదు అన్న మాట. సర్జన్ గడ్డ తీసి పంపుతాడు, అది కేన్సరా కాదా, ఐతే ఏ రకం, అంచుల దాకా పూర్తిగా వచ్చిందా ఇంకా లోపల మిగిలిందా, ఇవన్నీ చెప్పేది మీ అమ్మాయే. కీమో ఇవ్వాలా వద్దా అన్నది చాలాసార్లు ఆ రిపోర్ట్‌లో ఒక్క లైన్ మీద ఆధారపడుతుంది. పేషెంట్‌కి ఆ డాక్టర్ మొహం తెలియకపోవచ్చు, కానీ ఆమె చూసినంత దగ్గరగా ఆ జబ్బుని ఇంకెవరూ చూడరమ్మా.

ఫాదర్ ఆఫ్ పాథాలజీ ఎవరు సార్? ఒక గైడ్‌లో మోర్గాన్యి అని ఉంది, ఇంకోదాంట్లో విర్కో అని ఉంది. ఎగ్జామ్‌లో ఏది రాయాలి?
– డిగ్రీ స్టూడెంట్, వరంగల్

బాబూ, "అనటామికల్ పాథాలజీ" అని ఉంటే మోర్గాన్యి, "మోడర్న్" లేదా "సెల్యులార్" అని ఉంటే రుడాల్ఫ్ విర్కో. ఉత్త పాథాలజీ అని అడిగితే ఎక్కువ పుస్తకాలు విర్కో వైపే. మార్కుల సంగతి అయిపోయింది, ఇప్పుడు అసలు సంగతి విను.

మోర్గాన్యి అవయవం దగ్గర ఆగాడు. తర్వాత ఫ్రాన్స్‌లో బిషా అనే కుర్ర డాక్టర్, మైక్రోస్కోప్ ముట్టుకోకుండానే, అవయవాలు 21 రకాల కణజాలాలతో అయ్యాయని చెప్పి 30 ఏళ్ళకే చనిపోయాడు. విర్కో ఇంకా లోపలికెళ్ళి జబ్బు పుట్టేది కణంలో అన్నాడు. 1858లో బెర్లిన్‌లో డాక్టర్లకి 20 లెక్చర్లు ఇచ్చి అదే ఏడు పుస్తకం వేశాడు. ప్రతి కణం ఇంకో కణం నుంచే పుడుతుంది అన్న మాట ఆయన పేరు మీదే ప్రచారమైంది, కానీ కణం రెండుగా చీలి కొత్త కణాలు వస్తాయని ఆయనకంటే ముందే మైక్రోస్కోప్‌లో చూసి రాసినవాడు రాబర్ట్ రెమాక్. ఆయన యూదుడు, మతం మార్చుకోనన్నాడు, దాంతో ప్రష్యాలో, అంటే బెర్లిన్ రాజధానిగా ఉన్న అప్పటి జర్మన్ రాజ్యంలో, పూర్తి స్థాయి ప్రొఫెసర్ పదవి ఆయనకి చివరిదాకా దక్కనే లేదు. గైడుల్లో ఈ పేరు కనపడదు, నువ్వైనా గుర్తుపెట్టుకో.

విర్కోలో నాకు బాగా నచ్చేది మాత్రం మైక్రోస్కోప్ పని కాదు. 1848లో ప్రష్యా కింద ఉన్న అప్పర్ సైలీసియాలో (ఇప్పుడు చాలావరకు పోలండ్‌లో ఉంది) టైఫస్ జ్వరం, అంటే పేల వల్ల వచ్చే జ్వరం, వచ్చి జనం పిట్టల్లా రాలిపోతుంటే ప్రభుత్వం ఆయన్ని చూసి రమ్మని పంపింది. 26 ఏళ్ళవాడు, మూడు వారాలు తిరిగి వచ్చి రాసిన రిపోర్ట్‌లో మందుల లిస్టు ఇవ్వలేదు, అక్కడి పోలిష్ జనానికి వాళ్ళ భాషలో చదువు చెప్పండి, రోడ్లు వెయ్యండి, పన్నుల భారం తగ్గించండి, వాళ్ళ పాలన వాళ్ళకి ఇవ్వండి అని రాశాడు. ఆకలీ పేదరికం పోకుండా ఈ జ్వరం పోదని సర్కారు మొహం మీదే చెప్పాడు. అలాంటి మనిషే సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్న వాదాన్ని మాత్రం చాలాకాలం పూర్తిగా ఒప్పుకోలేదు, అది ఆయన పొరపాటే, దాన్ని వెనకేసుకు రావాల్సిన పనేం లేదు.

మలేరియా దోమ వల్ల వస్తుందని మన బేగంపేటలోనే కనిపెట్టారంటారు, నిజమేనా?
– సికింద్రాబాద్ పాఠకుడు

నిజమే, కాకపోతే కొంచెం వివరంగా చెప్పాలి. మలేరియా పరాన్నజీవిని మనిషి రక్తంలో మొదట చూసింది లావెరాన్, 1880లో అల్జీరియాలో. అది మనిషికి ఎలా చేరుతోందో మాత్రం తేలలేదు. రొనాల్డ్ రాస్ అనే ఆర్మీ డాక్టర్ 1897 ఎండల్లో ఇక్కడ ఆ పని మీద కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా పేషెంట్‌ని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకీ ఒక అణా చొప్పున ఇచ్చేవాడు, తర్వాత ఆ దోమల్ని ఒక్కోటీ కోసి చూసేవాడు. ఫ్యాన్ గాలి తగిలితే ఆ ముక్కలు ఎగిరిపోతాయని పంకా కూడా ఆపించేశాడు, చెమటకి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయట. ఆగస్టు 20న రెక్కల మీద మచ్చలున్న దోమ, అంటే అనాఫిలిస్, దాని పొట్ట గోడలో నల్లటి రంగు రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతోందనడానికి అదే మొదటి సాక్ష్యం. ఆ రోజునే ప్రపంచ దోమల దినం అంటున్నాం.

ఆ తర్వాతి మెట్టు ఇక్కడ కాదు, కలకత్తాలో. 1898లో పక్షుల మలేరియా మీద పనిచేసి ఆ జీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో ఇంకో పక్షికి వెళ్తోందని చూపించాడు. మనుషుల్లో అది రుజువు చేసింది అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం. 1902లో నోబెల్ రాస్‌కే వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. అక్కడ హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పండి, ఆ మనిషి రక్తం లేకపోతే ఆ నోబెల్ లేదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారే కేన్సర్ కీమోథెరపీకి మూలం అని వాట్సాప్‌లో వచ్చింది. ఎంతవరకు నమ్మొచ్చు?
– ఒక పాఠకురాలు, డల్లాస్

మూలం మొత్తం ఆయనే అంటే ఎక్కువ చెప్పినట్టు, కానీ ఆయన వాటా చాలా పెద్దదండీ, ఆ కథలో ఒక పాథాలజిస్ట్ కూడా ఉన్నాడు.

విర్కో 1847లో ల్యుకేమియా అని పేరు పెట్టిన రక్త కేన్సర్, ఆ తర్వాత వందేళ్ళ దాకా పిల్లలకి వస్తే కొన్ని వారాల్లోనో నెలల్లోనో ప్రాణం పోవడమే, చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్ట్, అంటే ఆ పిల్లలు పోయాక పోస్ట్‌మార్టం చేసే మనిషి. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ లాంటివి ఇస్తే ల్యుకేమియా ఇంకా ఎక్కువైనట్టు కనిపించింది, అయితే దానికి అడ్డుపడే మందు ఇస్తే తగ్గుతుందేమో అని ఆలోచించాడు. ఆ అడ్డుపడే మందులు వచ్చింది అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో మన భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారి బృందం నుంచి. సుబ్బారావు గారి అన్న పురుషోత్తం స్ప్రూ అనే, తిన్నది ఒంటికి పట్టని పేగుల జబ్బుతో పోయాడు, ఆ స్ప్రూకి పనిచేసే ఫోలిక్ యాసిడ్ తయారుచేసిన బృందం కూడా ఈయనదే. 1948 జూన్‌లో ఫార్బర్ రాసిన పేపర్‌లో, ఆ అడ్డుపడే మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గింది. తాత్కాలికంగానే, మళ్ళీ తిరగబెట్టింది, కానీ అసలు తగ్గడం అనేది అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్ కోవకే చెందిన మందు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ల్యుకేమియాకీ, కీళ్ళవాతానికీ రాస్తూనే ఉన్నాం.

పాప్ టెస్ట్‌లో పాప్ అంటే ఏంటి?
– ఒక గృహిణి, నెల్లూరు

పాపనికోలౌ అనే గ్రీకు డాక్టర్ పేరు అమ్మా. 1913లో భార్యతో అమెరికా వచ్చాడు. ఆయన పరిశోధనకి ఏళ్ళ తరబడి తన శాంపిల్స్ ఇచ్చింది ఆ భార్య ఆండ్రోమకే. 1928లో గర్భాశయ ముఖద్వారం కేన్సర్‌ని రాలిన కణాల్లో పట్టొచ్చని చెబితే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, 1943లో ట్రాట్‌తో కలిసి పుస్తకం వేశాకే డాక్టర్లు వాడడం మొదలుపెట్టారు. నొప్పి పెద్దగా ఉండదు, ఐదు నిమిషాల పని, సిగ్గుపడి వాయిదా వెయ్యకండి.

మా నాన్నగారికి బయాప్సీ ఇచ్చి వారం దాటింది. ఆపరేషన్ మధ్యలో అరగంటలో చెప్పేవాళ్ళు దీనికెందుకు ఇన్ని రోజులు? రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.
– ఒక కొడుకు, కర్నూలు

మీ టెన్షన్ అర్థమవుతోంది బాబూ. ఆపరేషన్ మధ్యలో చేసేది ఫ్రోజెన్ సెక్షన్, ముక్కని గడ్డకట్టించి కోసి చూడడం. 1905లో అమెరికాలో మేయో క్లినిక్‌లో విల్సన్ అనే ఆయన దాన్ని రోజువారీ వాడకంలోకి తెచ్చాడు. అది తొందరగా అవుతుంది కానీ బొమ్మ అంత స్పష్టంగా రాదు. మామూలు ముక్క ఫార్మలిన్‌లో నానాలి, ఆల్కహాల్‌తో నీరు లాగాలి, మైనంలో బిగించి బ్లాక్ చెయ్యాలి, మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మందంలో పొర కోయాలి, అప్పుడు రంగు వెయ్యాలి. ఆ రంగుల్లో ఒకటి, హెమటాక్సిలిన్, మెక్సికో వైపు పెరిగే ఒక చెట్టు చేవ నుంచి వస్తుంది, 1870ల నుంచి ఇదే పద్ధతి. ఎముక ముక్క అయితే మెత్తబరచడానికే రోజులు పడుతుంది, కేన్సర్ రకం తేలకపోతే ఇమ్యునో టెస్టులు, అంటే కణాల్లోని ప్రత్యేక ప్రొటీన్లని పట్టే పరీక్షలు, వేస్తారు, దానికి ఇంకొన్ని రోజులు. ఆలస్యమైతే రిపోర్ట్ చెడ్డదే అనుకోవద్దు.

ల్యాబ్‌కి వెళ్ళి ముక్క ఏ దశలో ఉందో అడగండి, ఇమ్యునోకి పంపారా అని కూడా అడగండి. రిపోర్ట్ వచ్చాక అనుమానం ఉంటే పేపర్ ఒక్కటే పట్టుకుని రెండో డాక్టర్ దగ్గరికి వెళ్ళకండి, బ్లాకులు, స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్ళండి. రెండో పాథాలజిస్ట్ చూడాల్సింది వాటినే.