చెమ్మ మచ్చ మీద రంగు వేయించి ఇల్లు చూపవచ్చా?

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలోని మా పాత డాబా ఇంటిని అమ్మకానికి పెట్టాం. మధ్యవర్తులు చెప్పాపెట్టకుండా, వంట వేళల్లో కూడా మనుషులను వెంటబెట్టుకొని వస్తున్నారు. పడకగది గోడకు వానలప్పుడు చెమ్మ దిగుతుంది. పుట్టీ పెట్టి రంగు వేస్తే కనిపించదని మేస్త్రీ అంటున్నాడు. మొన్న వచ్చినవారు దస్తావేజులను ఫోనులో ఫొటోలు తీసుకుంటామన్నారు. మేము ఎలా నడుచుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు చెమ్మ సంగతి చూద్దాం. కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే, దానిని వారే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను నిర్దేశిస్తోంది. రంగు కింద కప్పిన చెమ్మ అటువంటిదే. పైగా మన జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి కనుక, వేసవిలో ఇల్లు కొన్నవారికి కార్తికంలోనే గుట్టు తెలిసిపోతుంది. మిద్దె మీద నీరు నిలుస్తోందా, తూము పూడిందా, పిట్టగోడ మొదట్లో పగులు ఉందా అని చూపించుకొని, బాగు చేయించి, ఆ బిల్లును వచ్చినవారి ముందు పెట్టండి. చేయించలేకపోతే మచ్చను అలాగే చూపి, ఆ మేరకు ధరలో సర్దుకోండి. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు మీ వీధిలోకి నీరు వచ్చిందా అని కూడా అడుగుతారు. వచ్చి ఉంటే ఎంతవరకు వచ్చిందో గోడ మీద చేయి పెట్టి చూపండి.

వేళల విషయంలో మొహమాటం అక్కరలేదు. ముందురోజు ఫోను చేసి, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపు రమ్మని మధ్యవర్తులందరికీ ఒకే మాట చెప్పండి. ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి రాహుకాలం కాబట్టి, అప్పుడు రమ్మన్నా చాలామంది రారు. బీరువాకు తాళం వేసి, తలుపులు, కిటికీలు తెరిచి, వారిని తమంతట తామే తిరిగి చూడనివ్వండి. గది గదికీ వెంటపడి వర్ణిస్తే ఏదో దాస్తున్నారన్న అనుమానం పుడుతుంది. మోటారు వేసి చూపి, బోరు నీళ్లు ఒక గ్లాసుతో ఇవ్వండి, ఉప్పదనం వారే చూసుకుంటారు. వాస్తు సిద్ధాంతి వస్తే ఆయనతో వాదించవద్దు. ధర మాత్రం ఇంట్లో ఒక్కరే చెప్పాలి. మీరు ఒకటి, మీ వారు ఒకటి అంటే బేరం అక్కడే తెగుతుంది.

దస్తావేజులను పరిశీలనకు చూపవలసిందేనని అదే సెక్షను చెబుతోంది గాని, దారిన పోయే ప్రతివారికీ ఫొటోలు ఇవ్వమనలేదు. మొదటిసారి వచ్చినవారికి దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్ట్రారు కార్యాలయం పేరు ఇస్తే చాలు. వాటితో వారే ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించుకోవచ్చు. బేరం కుదిరే దశలో ఆధార్ నంబర్లు కొట్టేసిన జెరాక్సులను వారి న్యాయవాదికి ఇవ్వండి. బయానా పేరుతో రూ.20,000, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు. అందువల్ల ఆ సొమ్మును మీ బ్యాంకు ఖాతాలోనే వేయించుకోండి.