మూతబడిన ఫ్యాక్టరీలో రేడియేషన్ గుర్తున్న డబ్బా దొరికితే స్క్రాప్‌లో అమ్మొచ్చా, పూడ్చొచ్చా?

మీ మామయ్య రామగుండం దగ్గర మూతబడిన ఫ్యాక్టరీలో స్క్రాప్ కాంట్రాక్టు తీసుకున్నారని, హాపర్‌కి (సరుకు నింపే పెద్ద తొట్టికి) బిగించిన ఒక బరువైన డబ్బా మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉందని రాశారు. "లో-లెవెల్ (తక్కువ రేడియోధార్మికత ఉన్న) వ్యర్థమే కదా, కాంపౌండ్‌లోనే గొయ్యి తీసి పూడిస్తే చట్టం ఒప్పుకుంటుందా?" అన్నది మీ ప్రశ్న. ఒప్పుకోదు. ఇవాళే ఫోన్ చేసి ఆ డబ్బా జోలికి ఎవరూ వెళ్లకుండా ఆపించండి. గ్యాస్ కట్టర్ అయితే అసలు దగ్గరికే రానివ్వొద్దు.

నేను పెద్దపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో పనిచేశాను. అక్కడి గేజ్‌లకు రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్‌ని నేనే. మీరు చెప్పినదాన్ని బట్టి అది న్యూక్లియానిక్ గేజ్ అయ్యుంటుంది. ఒక పక్క సోర్స్, అంటే కిరణాలు వెలువరించే రేడియోధార్మిక పదార్థం, ఎదురుగా ఆ కిరణాలను పసిగట్టే డిటెక్టర్ ఉంటాయి. హాపర్‌లో సరుకు పెరిగితే అవతలికి చేరే కిరణాలు తగ్గుతాయి, దాన్నిబట్టి లెవెల్ తెలుస్తుంది. ఎక్కువగా సీజియం-137 ఉంటుంది, కొన్నింటిలో కోబాల్ట్-60. ఫ్యాక్టరీకి కరెంటు తీసేశారు కాబట్టి అదీ ఆగిపోయిందని మా దగ్గర కూడా అనేవాళ్లు. సోర్స్‌కి కరెంటుతో పనేముంది? సీజియం సగానికి తగ్గడానికే దాదాపు 30 ఏళ్లు పడుతుంది.

లో-లెవెల్ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ఆసుపత్రి న్యూక్లియర్ మెడిసిన్‌లో వాడిన గ్లౌజులు, దూది, సిరంజిల సంగతి వేరు. టెక్నీషియం-99ఎం 6 గంటల్లో, అయోడిన్-131 8 రోజుల్లో సగమవుతాయి. విడిగా గదిలో దాచి, తగ్గాక, అనుమతిలో రాసినట్టు పారేస్తారు. మీ డబ్బాలో ఉన్నది సీల్డ్ సోర్స్, అంటే గట్టిగా మూసేసిన లోహపు గొట్టంలోని రేడియోధార్మిక పదార్థం. బయట మీటర్ పెడితే రీడింగ్ తక్కువ చూపిస్తుంది కదా అంటారు. అది కిరణాలను అడ్డుకునే లోపలి సీసం గొప్పతనం, సోర్స్ మంచితనం కాదు.

చట్టానికొస్తే, 1962 అణుశక్తి చట్టం కింద 1987లో రేడియోధార్మిక వ్యర్థాల పారవేత నియమాలు తెచ్చారు. వాటి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఎవరూ పారేయకూడదు. అనుమతి ఉన్నా అందులో రాసిన చోట, రాసిన పద్ధతిలో, రాసిన పరిమాణం మేరకే. సొంత స్థలమైనా సరే, గొయ్యి తీసి పూడిస్తే నేరమే. పొల్యూషన్ బోర్డు చుట్టూ తిరగకండి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాలు రేడియోధార్మిక వ్యర్థాలకు వర్తించవు, కాబట్టి హైదరాబాద్ దగ్గర ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే దుండిగల్ యార్డుకు పంపే దారి కూడా లేదు. దీన్ని చూసేది ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ.

ఇక్కడ మీ మామయ్యకు ఒక ఊరట ఉంది. సోర్స్ బాధ్యత లైసెన్స్ ఉన్న ఫ్యాక్టరీ యాజమాన్యానిది. వేలంలో "ఉన్నది ఉన్నట్టుగా" అని రాసుకున్నా ఏఈఆర్‌బీ అనుమతి లేకుండా సోర్స్ చేతులు మారకూడదు. కాబట్టి ఆ డబ్బాను లాట్ నుంచి తీసేయమని యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇవ్వమనండి. కంపెనీ దివాలాలో ఉంటే దాని ఆస్తులు అమ్మే బాధ్యత ఉన్న లిక్విడేటర్‌కి ఇవ్వాలి. ఆ కాగితం కాపీ ఏఈఆర్‌బీకి కూడా పంపాలి. నోటిమాటతో వదిలేస్తే రేపు తప్పు కాంట్రాక్టర్ మీదికే తోస్తారు.

ఆ తర్వాత పని యాజమాన్యానిది. ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలో దరఖాస్తు చేసి, సోర్స్‌ని అమ్మిన సంస్థకు గానీ, అనుమతి ఉన్న ప్రభుత్వ కేంద్రానికి గానీ పంపాలి. మేం ఒక పాత గేజ్ వెనక్కి పంపినప్పుడు రేడియేషన్‌తో పడిన తిప్పల కంటే కాగితాలతో పడిందే ఎక్కువ. అమ్మిన విదేశీ కంపెనీని ఈలోగా ఇంకొకరు కొనేశారు. నేమ్‌ప్లేట్ తుప్పుపట్టి నంబరు కనబడదు. చివరికి పర్చేజ్ ఫైల్లో సోర్స్ సర్టిఫికెట్ దొరికితే గానీ పని కదల్లేదు. లారీ డ్రైవర్ గుర్తు చూసి ఎక్కించనన్నాడు, పాపం అతన్ని తప్పు పట్టలేం. కిరణాలు బయటికి రాకుండా ఆపే షట్టర్ మూసి తాళం వేశామని చూపించి, అతని ముందే రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ పెడితే అప్పుడు ఒప్పుకున్నాడు.

"ఇంత టెన్షన్ ఎందుకు, సీసం మంచి రేటు పలుకుతుంది" అని ఎవరైనా అంటే మాయాపురి గురించి చెప్పండి. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి వాడకుండా ఉంచిన గామా సెల్‌ను (ప్రయోగాల కోసం గామా కిరణాలిచ్చే యంత్రాన్ని) వేలం వేసింది. మాయాపురి స్క్రాప్ మార్కెట్లో దాన్ని విప్పారు. లోపలున్నది కోబాల్ట్-60. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. కొలిమిలో కరిగితే ఇంకో గొడవ. 2008లో మన దేశపు ఉక్కుతో చేసిన లిఫ్ట్ బటన్లలో ఇదే కోబాల్ట్ ఫ్రాన్స్‌లో బయటపడింది.

డబ్బా చుట్టూ తాడు కట్టించి వాచ్‌మన్‌ని దూరంగా కూర్చోబెట్టండి. హాపర్‌లోకి దిగి పనిచేయడం పూర్తిగా ఆపాలి, షట్టర్ తెరిచి ఉంటే కిరణాలు నేరుగా లోపలికే వస్తాయి. డబ్బా ఇప్పటికే మాయమైతే సొంతంగా వెతకొద్దు. వెంటనే పోలీసులకు, ఏఈఆర్‌బీకి చెప్పండి, అప్పటివరకు బయటికెళ్లిన లారీల నంబర్లు రాసి పెట్టుకోండి.