లండన్‌లో చవగ్గా చిత్రకళ, నాటకం

ప్రశ్న: లండన్‌లో చదువుతున్నాను. తక్కువ ఖర్చుతో చిత్రశాలలు, నాటకాలు చూడడమెలా?

జవాబు: నేషనల్ గ్యాలరీ, టేట్ మోడర్న్‌లలో శాశ్వత సేకరణ చూడడానికి రుసుం లేదు, ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్. నేషనల్ గ్యాలరీ శుక్రవారం రాత్రి 9 దాకా తెరిచే ఉంటుంది కాబట్టి క్లాసులయ్యాక వెళ్లొచ్చు. అన్నీ ఒకేరోజు చూడబోతే కాళ్లనొప్పులే మిగులుతాయి, రెండు మూడు గదులు చాలు.

నాటకానికైతే, షేక్‌స్పియర్ కాలపు నాటకశాల నమూనాలో కట్టి 1997లో తెరిచిన గ్లోబ్ థియేటర్‌కు వెళ్లండి. వేదిక ముందు నిలబడి చూసే టికెట్లే అన్నిటికన్నా చవక. అక్కడ నెత్తిన కప్పుండదు, వానొచ్చినా ఆట ఆగదు. వెనకవాళ్లకు అడ్డమని గొడుగు తెరవనివ్వరు. తలకప్పున్న రెయిన్‌కోటు తీసుకెళ్లండి. ఆట సాగుతుండగా కూర్చోనివ్వరు కూడా. అందుకే తలుపులు తీసే వేళకే చేరుకుని వేదిక అంచు పట్టుకోండి: మోచేతులు ఆనించుకునే ఆ కాస్త చోటు మూడు గంటల నాటకంలో చిన్న విషయమేం కాదు.