సెకండాఫ్ మీద కత్తెర పెట్టకు బుజ్జీ

బుజ్జీ,

నీ కాలేజీ సినిమా వచ్చే నెల రిలీజని మీ అమ్మ చెప్పింది. స్టార్లు లేరు, ఫైట్లు లేవు, హాస్టల్ మెస్ చుట్టూ రెండు గంటల పిచ్చి కామెడీ! గర్వంగానే ఉందే. కానీ ఆ శుక్రవారం రివ్యూలు చదివి నువ్వేం చేస్తావోనని గుండె దడ.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. బూతులకి బదులు మాటలు ఇప్పుడే డబ్ చేసి పెట్టుకో. ‘ఏ’ సర్టిఫికెట్ వస్తే టీవీలో వెయ్యనివ్వరు, యూఏ 16+ దాటకుండా చూసుకో. ట్రైలర్‌లో పంచ్‌లన్నీ కుక్కి మాస్ సినిమాలా అమ్మకండి. రివ్యూ రాసేవాళ్ళు సినిమాని ట్రైలర్‌తోనే కొలుస్తారు.

ఖాళీ ప్రివ్యూ థియేటర్లో పదిమంది విలేకరులను కూర్చోబెట్టి కామెడీ వెయ్యకు. చీకట్లో నోట్స్ రాసుకునేవాడు నవ్వడు, పక్కవాడు నవ్వకపోతే వీడికీ నవ్వు రాదు. హాలు నిండా కుర్రకారు, వాళ్ళ మధ్యలో అక్కడక్కడా విలేకరులు, అలా కూర్చోబెట్టు. అమెరికాలో గురువారం సాయంత్రం ప్రీమియర్ పడేసరికి ఇక్కడ శుక్రవారం తెల్లవారుతుంటుంది. ప్రసాద్స్‌లో పొద్దుటి షో మొదలవకముందే రేటింగులు తిరుగుతుంటాయి. వెనకటి రోజుల్లో వారపత్రికలో సమీక్ష అచ్చయ్యేసరికి సినిమా రెండో వారంలో ఉండేది, ఈలోపు నోటిమాట పాకేది. ఇప్పుడా వ్యవధి నువ్వే సంపాదించుకోవాలి. రిలీజ్‌కి ముందే రెండు మూడు ఊళ్ళలో పెయిడ్ ప్రీమియర్లు వేయించు.

అసలు రాయాలనుకున్నది ఇది. కాలేజీ కామెడీకి రివ్యూల్లో ఇట్టే పడే మాట ‘సెకండాఫ్ ల్యాగ్’. పక్కనే ఐదుకి 2.5 అనో, 2.75 అనో వేస్తారు. (ఆ పావు ఏ తూకంలో తేలుతుందో వాళ్ళకే తెలియాలి.) మధ్యాహ్నానికల్లా నిర్మాత ఫోన్: ‘పన్నెండు నిమిషాలు లేపేద్దాం.’ ఎంత పాత తప్పో, ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు.

హడావుడిలో లేపేసేవి ఎప్పుడూ ‘కథకి అక్కర్లేని’ సీన్లే. మీ వార్డెన్ ఈల సంగతే చూడు. ఫస్టాఫ్‌లో మూడుసార్లు ఊదుతాడు: టిఫిన్ దగ్గర, బాత్రూమ్ క్యూ దగ్గర, రాత్రి లైట్లార్పేటప్పుడు. సెకండాఫ్‌లో ఈల నోటిదాకా తెచ్చి, ఊదకుండా జేబులో వేసుకుంటాడు. హాలు దద్దరిల్లాల్సింది అక్కడ. బాత్రూమ్ క్యూ తీసేశావనుకో, జనానికి ఆ ఈల అలవాటు కాదు, నాలుగోసారి వచ్చేది మామూలు షాట్ అయిపోతుంది. నవ్వు పోయాక మిగిలిన నిడివి ఇంకా బరువవుతుంది.

పోనీ పనైనా తేలికా? సెన్సార్ అయ్యాక ఒక్క షాట్ తీసినా బోర్డుకి చెప్పుకోవాలి. తెగిన చోటల్లా 5.1 సౌండ్ మిక్స్ మళ్ళీ సరిచెయ్యాలి, లేకపోతే నేపథ్య సంగీతం గెంతుతుంది. ఓవర్సీస్ సబ్‌టైటిళ్ళు జారిపోతాయి. కొత్త వెర్షన్‌కి పాత కేడీఎం (థియేటర్లో సినిమా ఫైల్ తెరిచే డిజిటల్ తాళంచెవి) పనిచెయ్యదు, స్క్రీన్ స్క్రీన్‌కీ కొత్తది పంపాలి. అందనివాళ్ళు పాతదే వేస్తారు. శనివారం ఒకే ఊళ్ళో నీవి రెండు సినిమాలు ఆడతాయి.

ల్యాగ్ ఎక్కడుందో మిక్సింగ్‌కి ముందే పట్టుకో తల్లీ. మీ స్నేహితులూ చుట్టాలూ కాని ముప్పై, నలభై మందిని పోగెయ్యి, ఒకసారి సిటీలో, ఒకసారి కాకినాడలాంటి ఊళ్ళో. తెర కింద రికార్డర్‌ని జనం వైపు తిప్పి పెట్టు. నువ్వు ఆఖరి వరసలో కూర్చుని, ఫోన్ల వెలుతురు కనబడ్డప్పుడల్లా టైమ్‌కోడ్ రాసుకో. ల్యాగ్ అంటే అదీ. తర్వాత ఆ రికార్డింగ్‌ని ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పరిస్తే, నవ్వుల కింద ఏ డైలాగ్ మునిగిపోయిందో తెలుస్తుంది. అక్కడ రియాక్షన్ షాట్‌ని ఇంకో 24–36 ఫ్రేములు, అంటే సెకను, సెకనున్నర, పెంచు. ఇంటర్వెల్ తర్వాతి ఇరవై నిమిషాలూ నీరసంగా ఉంటే, జబ్బు ఇంటర్వెల్‌కి ముందే ఉండొచ్చు. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం లేకుండా జనాన్ని సమోసాలకి పంపావేమో చూసుకో.

రివ్యూ రాసినవాడికి ఫోన్ చెయ్యకు, వెటకారం పోస్టులు పెట్టకు. సినిమా ఆయుష్షు ఆ శుక్రవారంతోనే తేలిపోదు. దిల్లీ ఆర్కిటెక్చర్ కుర్రాళ్ళ గోల ‘ఇన్ విచ్ ఆనీ గివ్స్ ఇట్ దోజ్ వన్స్’ని 1989లో దూరదర్శన్ రాత్రి పొద్దుపోయాక వేసింది. అరుంధతీ రాయ్‌కి స్క్రీన్‌ప్లే జాతీయ అవార్డు వచ్చినా అది బతికింది చేతులు మారిన కాపీలతోనే. మన దగ్గర 2018 జూన్ 29న వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’ని 2023లో అదే తేదీన మళ్ళీ వేస్తే హాళ్ళు నిండాయి. నీకూ అలాగే అవుతుందని కాదు, ఆ ఆశ పెట్టుకోకు.

శుక్రవారం అన్నం మానకు. మాస్టర్ కాపీ ఉన్న హార్డ్ డిస్క్ మీ అమ్మ బీరువాలో పెట్టి, తాళం ఆవిడకే ఇవ్వు. సోమవారం మ్యాట్నీ లెక్కలొచ్చాక ఫోన్ చెయ్యి, అప్పుడు మాట్లాడుకుందాం.

నీ పెద్దమ్మ