కొర్రీలు వేసే అకౌంటెంట్‌తో పని ఎలా?

ప్రశ్న: హార్డ్‌వేర్ సామాను పంపిణీ చేసే సంస్థలో కొనుగోళ్లు చూస్తాను. మా అకౌంట్స్ ఆఫీసర్‌గారు ఒక్కో బిల్లునూ మూడేసి సార్లు తిప్పి పంపుతారు. ఫోన్ చేస్తే ‘మెయిల్ పెట్టండి’ అంటారు. నా మీద నమ్మకం లేదేమో!
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆయన అనుమానం బిల్లు మీద, మీ మీద కాదు. హైదరాబాద్ సరఫరాదారు మీకు పంపిన సరుకుకు ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకుపై పన్ను) బదులు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (ఒకే రాష్ట్రంలోని అమ్మకంపై పన్నులు) వేశాడనుకోండి. మొత్తం ఒకటే కాబట్టి మీకు తేడా కనిపించదు. కానీ ఆ బిల్లు మీద మీ ఆంధ్ర రిజిస్ట్రేషన్‌కు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు. లక్ష రూపాయల సరుకుకు 18 శాతం చొప్పున 18 వేలు ఇరుక్కుపోతాయి. రేపు ఆడిటర్ అడిగితే ‘ఫోన్‌లో చెప్పారండీ’ అంటే చెల్లదుగా, అందుకే మెయిల్.

వెనక్కి వచ్చిన చివరి పది బిల్లులు ముందేసుకుని కొర్రీలన్నీ ఒక కాగితం మీద రాయండి. తిప్పితిప్పి నాలుగైదు రకాలే తేలతాయి: జీఎస్టీ నంబరులో తప్పు (15 అక్షరాలుండాలి, మొదటి రెండూ రాష్ట్రం కోడ్: ఆంధ్రకు 37, తెలంగాణకు 36), పీవో (కొనుగోలు ఆర్డరు) నంబరు లేకపోవడం, గోదాం రసీదుతో లెక్క కుదరకపోవడం, బిల్లు 2బీలో (జీఎస్టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే మీ క్రెడిట్ల జాబితాలో) కనబడకపోవడం. చివరిది సాధారణంగా సరఫరాదారు 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1 (తన అమ్మకాల రిటర్ను) వేయకపోతే వచ్చే చిక్కు. వెంటపడాల్సింది అతని వెంట.

ఆ కాగితంతో ఆయన దగ్గరికి 20 దాటాక వెళ్లండి. నెలనెలా రిటర్నులు వేసేచోట 14న 2బీ వస్తుంది, 20లోగా 3బీ (పన్ను లెక్కగట్టి కట్టే రిటర్ను) వేయాలి. ఆ వారం ఆయన తలెత్తరు. ‘ఇవి కాక ఇంకేం చూస్తారు సార్?’ అని అడగండి. ఇలాంటివారికి ఈ ప్రశ్నంటే మహా ఇష్టం.

ఇకపై బిల్లుతోపాటు రెండు వాక్యాలు చాలు: ‘పీవో 200, బిల్లు 200, గోదాంలో దిగినవి 196. నాలుగు పగిలాయి, క్రెడిట్ నోటు అడిగాం, సరఫరాదారు జవాబు జతపరిచాను.’ (క్రెడిట్ నోటంటే బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ సరఫరాదారు ఇచ్చే పత్రం.) తేడాను మీరే ముందు చెప్పేస్తే ఆయన వెతకడం మానేస్తారు. దాచింది ఒక్కటి దొరికినా పాత ఫైళ్లన్నీ బయటికొస్తాయి. ‘అర్జెంటండీ, కాస్త సర్దేయండి’ అన్నారా, ఆ బిల్లు అడుగుకు పోయినట్టే.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకమ్మాయి డేటా పని అద్భుతంగా చేస్తుంది. కానీ సరిచూసిందే సరిచూస్తూ రిపోర్టు ఎప్పుడూ ఆలస్యం చేస్తుంది.
– టీమ్ లీడర్, హైదరాబాద్

జవాబు: ఎంత కచ్చితంగా కావాలో మీరు చెప్పారా? చెప్పకపోతే ఆమె పైసా వరకూ వెళ్తుంది. ‘సోమవారం మీటింగుకు లక్షల్లో చాలు, ఆడిట్‌కు మాత్రం రూపాయి వరకు’ అని పని అప్పగించేటప్పుడే చెప్పండి. గడువు సగానికి వచ్చేసరికి చిత్తుప్రతి అడగండి, ఇంకా సరిచూడని అంకెలకు పసుపు రంగు వేయమనండి. మధ్యలో ప్రశ్న మార్చకండి, ఆమె మళ్లీ మొదటి వరుస నుంచి మొదలుపెడుతుంది. తప్పు దొరికితే ఏ షీటు, ఏ వరుసో చూపించి విడిగా చెప్పండి.

ప్రశ్న: ప్రతిదీ పట్టిపట్టి చూస్తానని ఆఫీసులో నాకు చాదస్తమంటున్నారు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చూడటం మానకండి. కొర్రీలు మాత్రం విడతలుగా కాకుండా అన్నీ ఒకేసారి వేయండి. డబ్బు పోయేవి పైన, అక్షరదోషాలు అడుగున.